ఇళ్ల వీడియోలు చూసి ఇంటీరియర్ డిజైన్ చేద్దామనుకుంటున్నావా, కోర్సుకి డబ్బు కట్టే ముందు ఇది చదువు

ఖమ్మం నుంచి ఒకమ్మాయి రాసింది, ఇంటర్ ఎంపీసీ సెకండ్ ఇయర్. జపాన్, డెన్మార్క్, మెక్సికో ఇలా ఎక్కడెక్కడి ఇళ్ల వీడియోలో రోజూ చూస్తుందట, తనకి కూడా అలాంటి ఇళ్లు చేయాలని ఉందట, హైదరాబాద్‌లో ఆరు నెలల ఇంటీరియర్ డిజైన్ కోర్సు ఒకటి చూసి పెట్టుకుంది. నాన్నగారేమో ఇంటీరియర్ అంటే కర్టెన్లు మార్చడమే కదా, దానికి చదువెందుకు, సీఎస్‌ఈ తీసుకో అంటున్నారు. "ఆరు నెలల కోర్సా, బీఆర్కా, నాన్న చెప్పిన బీటెకా, ఏదో ఒకటి చెప్పండి మేడమ్" అని అడిగింది.

అమ్మా, ముందు నాన్నగారి మాట గురించి చెప్తా. 1926లో మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అని వియన్నాలో పుట్టిన ఒక ఆర్కిటెక్ట్, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రభుత్వం కట్టిస్తున్న కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటిల్లు డిజైన్ చేసింది. వెడల్పు ఆరడుగుల పైచిలుకు, పొడవు పదకొండు అడుగులు, అంతే. వంట చేసే మనిషి పొయ్యి నుంచి సింక్ దాకా, అక్కడి నుంచి అల్మారా దాకా ఎన్ని అడుగులు వేస్తోంది అనే లెక్కలు చూసి, ట్రైన్‌లో డైనింగ్ కార్ కిచెన్ అంత ఇరుకులో ఎలా నడుస్తుందో కూడా చూసి గీసింది దాన్ని. బియ్యానికి, పిండికి, చక్కెరకి పేర్లు రాసిన అల్యూమినియం డబ్బాలు సొరుగుల్లా లాగి నేరుగా గిన్నెలోకి వంపేసేలా, కూరగాయలు తరిగే బల్లలో తొక్కలు కిందకి తోసేయడానికి చోటు, కూర్చుని పని చేసుకోవడానికి స్టూలు, అటూ ఇటూ జరిపే లైటు, గోడకి మడిచే ఇస్త్రీ బల్ల. అలాంటివి దాదాపు పది వేల ఇళ్లలో పెట్టారు. ఇవాళ మన హైదరాబాద్ ఫ్లాట్లలో లక్షలు పోసి పెట్టించుకుంటున్న మాడ్యులర్ కిచెన్ అక్కడి నుంచి వచ్చిందే. కాబట్టి నాన్నగారితో చెప్పు, ఇది కర్టెన్ల పని కాదు, అమ్మ రోజూ నిలబడే చోటు గురించిన పని అని.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు చూసే వీడియోల్లో నీకు కనిపించేది పూర్తయిన ఇల్లు, మంచి వెలుతురులో తీసింది. ఆ ఇంటికి ఆ రూపం ఏ ఇబ్బందిలోంచి వచ్చిందో అందులో ఉండదు, మరి ఈ వృత్తి అంతా ఆ ఇబ్బందిలోనే ఉంది. జపాన్ ఇళ్లు ఇష్టం అన్నావు కదా, తడావో ఆండో 1976లో ఒసాకాలో కట్టిన సుమియోషి ఇల్లు వెతికి చూడు. పాత వరస ఇళ్ల మధ్యలో ఒక ఇల్లు తీసేసి అక్కడ పెట్టిన కాంక్రీటు పెట్టె అది, మన లెక్కలో డెబ్భై గజాల లోపు జాగా, వెడల్పు పదకొండు అడుగులు కూడా నిండదు, వీధి వైపు తలుపు తప్ప ఒక్క కిటికీ లేదు. అంత చిన్న జాగాలో ఆయన ఏం చేశాడంటే పొడవుని మూడు ముక్కలు చేసి మధ్య ముక్కని ఆకాశానికి వదిలేశాడు, ముందు హాలు, వెనక వంటిల్లు, బాత్రూమ్, పైన రెండు చివర్లా రెండు గదులు, వాటి మధ్య ఒక చిన్న వంతెన. వాన పడితే గొడుగు వేసుకుని బాత్రూమ్‌కి వెళ్లాలి. ఇది ఫోటోలో చూస్తే ఒక బూడిద రంగు గోడ, అంతే. సెక్షన్ చూడు, అంటే ఇంటిని నిలువుగా కోసినట్టు గీసే డ్రాయింగ్, అప్పుడు తెలుస్తుంది వెలుతురు, గాలి ఎక్కడి నుంచి దిగుతున్నాయో. గోదావరి జిల్లాల్లో మండువా ఇల్లు చూసినవాళ్లకి ఆ మధ్య ఖాళీ వెంటనే అర్థమవుతుంది. ఆ గొడుగు విషయం న్యాయమేనా అని ఆర్కిటెక్ట్‌లు ఇప్పటికీ వాదించుకుంటారు, నన్నడిగితే పెద్దవాళ్లున్న ఇంటికి నేను ఒప్పుకోను, కానీ ఆ వాదనలో నీకు ఏదో ఒక పక్క నిలబడాలనిపిస్తే మాత్రం నువ్వు ఈ ఫీల్డ్ మనిషివే.

ఇంకోటి, ఇది డబ్బు గురించి. చిలీలో ఇకీకే అనే ఎడారి ఊళ్లో ఎకరంపావు జాగాలో దాదాపు వంద కుటుంబాలు గుడిసెలు వేసుకుని ఉండేవి, ప్రభుత్వం కుటుంబానికి 7,500 డాలర్లు ఇస్తామంది, స్థలం, డ్రైనేజీ, ఇల్లు అన్నీ అందులోనే. ఆ డబ్బుకి మంచి ఇల్లు రాదు. అలెహాంద్రో అరవేనా, ఆయన టీమ్ ఎలిమెంటల్ చిన్న ఇల్లు కట్టడానికి బదులు మంచి ఇంట్లో సగం కట్టి ఇచ్చారు, మనుషులు సొంతంగా కట్టుకోలేని సగం, అంటే వంటిల్లు, బాత్రూమ్, మెట్లు, రెండిళ్ల మధ్య గోడలు. పక్కన ఇంకో సగానికి ఖాళీ వదిలారు, డబ్బు చేతికి వచ్చినప్పుడు వాళ్లే కట్టుకున్నారు. 2004లో అయిపోయింది అది, 2016లో ఆయనకి ప్రిట్జ్‌కర్ వచ్చింది, తర్వాత అలాంటి నాలుగు ప్రాజెక్టుల డ్రాయింగులు ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా పెట్టేశారు. నువ్వు వాటిని డౌన్‌లోడ్ చేసి చూడొచ్చు. మన దగ్గర కింది ఫ్లోర్ వేసి పైన పిల్లర్ల ఊచలు అలాగే వదిలేసిన ఇళ్లు ఎన్ని లేవు, ఆ ఆలోచనే అది, కాకపోతే ముందే కూర్చుని లెక్కేసి చేశారు. మన దేశంలో బాలకృష్ణ దోషి గారు ఇండోర్‌లో అరణ్య కాలనీకి పునాది, టాయిలెట్ లాంటి కనీస భాగం ఇచ్చి మిగతాది మనుషులకి వదిలింది అంతకు ముందే.

ఇక కోర్సుల సంగతి. ఆరు నెలల కోర్సులో నేర్పేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్, ఆటోక్యాడ్, స్కెచప్, రెండర్ తీయడం, దాంతో పాటు మెటీరియల్స్ పైపైన. తప్పుడు కోర్సు అని నేననను, కానీ అది చేసి చేరేవాళ్లకి చాలా చోట్ల డిజైనర్ అని పేరు పెట్టి అప్పగించే పని కస్టమర్‌కి కొటేషన్ ఇచ్చి బుకింగ్ తేవడం, నెలకి టార్గెట్ ఉంటుంది. ఇంటర్ అయిన వెంటనే దాంట్లోకి వెళ్తే ఎదగడం కష్టం, అందుకే ఇప్పుడు వద్దు అంటున్నా, తర్వాత ఎప్పుడైనా సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు.

మిగిలింది బీఆర్క్, లేదా ఇంటీరియర్‌లో నాలుగైదేళ్ల డిగ్రీ. ఎలా తేల్చుకోవాలంటే, ఒక ఇల్లు చూసినప్పుడు నీ కన్ను ఎక్కడికి పోతుందో గమనించు. ఎండ ఎటు నుంచి వస్తోంది, మెట్లు ఇక్కడే ఎందుకు పెట్టారు, పక్కింటికి ఎంత ఖాళీ వదిలారు అనిపిస్తే బీఆర్క్. చేతికి తగిలే వాటి మీద, అంటే హ్యాండిల్, చెక్క అంచు, బట్ట, లైటు వెచ్చగా ఉందా తెల్లగా ఉందా వీటి మీద పోతే ఇంటీరియర్, ఫర్నిచర్ డిజైన్. రెండూ అనిపిస్తే బీఆర్కే చెయ్యి, ఎందుకంటే ఆర్కిటెక్ట్ ఇంటీరియర్స్ చేయొచ్చు, కానీ 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లు మాత్రమే ఆర్కిటెక్ట్ అని రాసుకోవచ్చు, ఇంటీరియర్ డిగ్రీతో అది రాదు.

బీఆర్క్ ఐదేళ్లు, అందులో కొంతకాలం ఆఫీసులో ట్రైనింగ్. నాటా రాయి, జేఈఈ మెయిన్‌లో బీఆర్క్ పేపర్ కూడా రాయి, రెండూ. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, ఖమ్మం నుంచి రెండున్నర గంటల దూరం కాబట్టి ఒకసారి నాన్నగారితో వెళ్లి చూసి రా, దానికి సీటు జేఈఈ పేపర్‌తోనే వస్తుంది. ఇంటీరియర్ వైపు అయితే అహ్మదాబాద్ సెప్ట్ నా మొదటి సలహా.

జీతం గురించి నాన్నగారు అడుగుతారు, దాచకుండా చెప్పు, మొదటి నాలుగైదేళ్లు సాఫ్ట్‌వేర్ వాళ్ల కన్నా తక్కువే వస్తుంది, రాత్రుళ్లు కూడా పని ఉంటుంది, సైట్‌లో మేస్త్రీతోనూ కార్పెంటర్‌తోనూ గట్టిగా మాట్లాడి పని చేయించుకోవాలి, ఈశాన్యం బరువు, ఆగ్నేయం వంటిల్లు అని వచ్చే క్లయింట్‌ని నొప్పించకుండా ప్లాన్ కుదర్చాలి. అమెరికా ఆలోచన ఉంటే ఇది కూడా తెలుసుకోండి, ఇక్కడి బీఆర్క్‌తో అక్కడ నేరుగా లైసెన్స్ రాదు, మామూలుగా అక్కడ గుర్తింపు ఉన్న ఎంఆర్క్ చేసి, 3,740 గంటల అనుభవం చూపించి, ఆరు భాగాల పరీక్ష రాస్తారు. ఎంఎస్ చేసి ఉద్యోగం తెచ్చుకున్నంత తొందరగా అయ్యేది కాదు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. టేపు తీసుకుని మీ వంటిల్లు కొలువు. ప్లాట్‌ఫామ్ ఎత్తెంత, అమ్మ మోచేతికి ఎంత కిందుంది, స్టవ్‌కీ సింక్‌కీ ఎంత దూరం, సిలిండర్ మార్చేటప్పుడు ఎవరు ఎలా వంగుతున్నారు, మిక్సీ ప్లగ్ ఎక్కడుంది, అన్నీ రాసుకుని గళ్ల కాగితం మీద స్కేలు వేసి ప్లాన్ గీయి. తర్వాత గోడలు పగలగొట్టకుండా, పది వేల లోపు ఖర్చుతో ఏం మార్చొచ్చో ఇంకో కాగితం మీద గీసి అమ్మకి చూపించు, ఆవిడ కాదంటే ఎందుకు కాదందో రాసుకుని మళ్లీ గీయి. మూడోసారి గీస్తున్నప్పుడు కూడా విసుగు రాకపోతే నాటాకి అప్లై చెయ్యి, నాన్నగారికి ఆ కాగితాలే చూపించు. మొదటిసారికే చాలు బాబోయ్ అనిపిస్తే అందులో తప్పేం లేదు, ఇళ్లు చూడటం ఇష్టంగానే ఉంచుకుని సీఎస్‌ఈకి వెళ్లు.

బొమ్మలు బాగా రావు అని చివర్లో భయపడుతూ రాశావు, దానికి భయపడకు, నాటాలో అడిగేది రవివర్మ పెయింటింగ్ కాదు, ఒక వస్తువుని మూడు వైపుల నుంచి ఊహించుకుని కాగితం మీద పెట్టగలవా అని చూస్తారు, రోజూ ఓ అరగంట ఇంట్లో వస్తువుల్ని చూసి గీస్తే వచ్చేస్తుంది. ఫైనల్ పరీక్షలు అయ్యేదాకా మాత్రం ఆ అరగంట దాటనివ్వకు, మ్యాథ్స్, ఫిజిక్స్ మార్కులు బీఆర్క్‌కి కూడా కావాలి.