పాలిప్ తీయించాలన్నారు... ఆసుపత్రి ఇప్పించే అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. నాకు 33 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 92 వేలు చేతికొస్తాయి. పెళ్లయి ఆరేళ్లయింది, ఐవీఎఫ్‌కి వెళ్దామనుకున్నాం. స్కాన్‌లో గర్భసంచిలో 11 మిల్లీమీటర్ల పాలిప్, అంటే లోపలి పొర మీద పెరిగిన చిన్న కండలాంటిది, కనిపించింది, ముందు హిస్టెరోస్కోపీ చేసి దాన్ని తీసేయాలని డాక్టర్ చెప్పారు. దానికి 55 వేలు, ఐవీఎఫ్‌కి 2 లక్షలు, ఇంజెక్షన్లకు ఇంకో 80 వేలు అవుతాయట. 3 లక్షలు వడ్డీ లేని వాయిదాల మీద ఇప్పిస్తామని ఆసుపత్రిలోనే అంటున్నారు. నెలకు 25 వేల చొప్పున 12 నెలలు కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు 12 వేలు. మాకు 3 లక్షల ఎఫ్‌డీ, 8 తులాల బంగారం ఉన్నాయి. 5 లక్షల చిట్టీలో 25 నెలలకు 10 నెలలు కట్టాం. చిట్టీతో సహా అన్ని ఖర్చులూ పోను నెలకు 21 వేలు మిగులుతాయి. 14 నెలల కిందట తీసుకున్న ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) పాలసీ, మావారి కంపెనీ ఇచ్చిన 5 లక్షల బీమా ఉన్నాయి. పిల్లల కోసం చేయించుకునే వాటికి బీమా రాదని మా ఏజెంట్ అంటున్నారు. ఆపరేషన్ అంటే భయంగానూ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు ఇప్పుడు తీసుకోకండి. మీ ముందున్నవి రెండు వేర్వేరు ఖర్చులు. పాలిప్ తీయించడం ఈ నెలదో వచ్చే నెలదో. ఐవీఎఫ్ ఆ తర్వాతి సంగతి. ఆసుపత్రి వాళ్లు రెండింటినీ ఒకే మొత్తంగా చూపిస్తున్నారు కాబట్టి మీకు కొండంతగా కనిపిస్తోంది. విడదీసి చూస్తే మొదటి దానికి అప్పుతో పనే లేదు.

డబ్బు లెక్క కూడా ఆ ప్రొసీజర్ ఎలా జరుగుతుందన్న దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి ముందు మీ భయం సంగతి చూద్దాం. వైద్యపరమైన నిర్ణయం మీ డాక్టర్‌దే. హిస్టెరోస్కోపీలో పొట్ట మీద కోత ఉండదు, కుట్లు ఉండవు. కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని కింది నుంచి గర్భసంచిలోకి పంపి, సెలైన్‌తో లోపలి గోడలను కాస్త విప్పి, తెర మీద చూస్తారు. చూసి వదిలేస్తే అది పరీక్ష. అదే సమయంలో పాలిప్‌నో, అడ్డుపొరనో, అతుకులనో తీసేస్తే అది చికిత్స. చిన్న పాలిప్ అయితే సాధారణంగా అరగంట, ముప్పావు గంటలో అయిపోతుంది. కొద్దిసేపు ఉండేలా మత్తు ఇస్తారు, అందుకని ముందు ఆరు గంటలైనా ఏమీ తినకుండా రమ్మంటారు. చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లిపోతారు. నెలసరి నొప్పిలాంటి నొప్పి ఒకటి రెండు రోజులు, కొద్దిగా రక్తపు మరకలు కొన్నాళ్లు ఉండొచ్చు. ప్యాడ్లే వాడమంటారు, కలయికకు కొద్ది రోజులు ఆగమంటారు. జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావం అవుతున్నా, ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం ఉన్నా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే ఫోన్ చేయండి. గర్భసంచికి రంధ్రం పడటం, ఇన్‌ఫెక్షన్ రావడం లాంటివి అరుదే అయినా అసలు ఉండవని కాదు. సంతకం పెట్టే కాగితంలో అవి రాసి ఉంటాయి, చదివి అడగండి. స్కూలుకు రెండు రోజులు సెలవు పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఇది నెలసరి రక్తస్రావం ఆగాక, అండం విడుదల కాకముందు, ఆ కొద్ది రోజుల్లోనే చేస్తారు. అంటే నెలసరి వచ్చాక తేదీ ఖాయం చేసుకుని బీమా కాగితాలు మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ఈ వారమే కదలండి.

మీ ఏజెంట్ చెప్పింది సగమే నిజం. దేశంలోని ఆరోగ్య బీమా పాలసీల్లో సంతానలేమి చికిత్సలకు ప్రామాణికమైన మినహాయింపు ఒకటి ఉంది, ఎక్స్‌క్లూజన్ 17. ఐవీఎఫ్, ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) లాంటివన్నీ అందులోకి వస్తాయి. ఆ 2 లక్షలు, ఆ 80 వేలు మీ ఫ్లోటర్ నుంచి రావు, ఆశ పెట్టుకోవద్దు. ఎక్స్‌క్లూజన్ 4 అని ఇంకోటి ఉంది. కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. అందుకే ఉత్తి పరీక్షగా చేసే హిస్టెరోస్కోపీకి క్లెయిమ్ రావడం కష్టం. కానీ మీకు స్కాన్‌లో పాలిప్ ఉందని తేలింది, దాన్ని తీసేస్తున్నారు. పాలిప్ అనేది పిల్లలు కావాలనుకోని ఆడవాళ్లకూ వస్తుంది, వాళ్లకూ తీస్తారు. డే కేర్ చికిత్స, అంటే ఒక్క రోజులోనే ఇంటికి పంపే చికిత్స కింద దీన్ని అడిగే హక్కు మీకుంది.

ఏ పాలసీలో అడగాలన్నదే అసలు ప్రశ్న. మీ ఫ్లోటర్ వయసు 14 నెలలే. గర్భసంచి పాలిప్‌లు, ఫైబ్రాయిడ్లు లాంటి జబ్బులకు సాధారణంగా 24 నెలల వెయిటింగ్ పీరియడ్ పెడతారు, ఆ లోపు క్లెయిమ్ ఇవ్వరు, అక్కడ అడిగితే తిప్పికొట్టే అవకాశమే ఎక్కువ. కంపెనీ గ్రూప్ బీమాల్లో మాత్రం ఈ వెయిటింగ్‌ను చాలాచోట్ల తీసేస్తారు. మీ పేరు అందులో చేర్చారా లేదా ముందు అది చూడమనండి. తర్వాత మీవారు హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టాలి. జబ్బుల వారీ వెయిటింగ్ ఉందా? గర్భసంచి పాలిప్ తీయడం డే కేర్ కింద వస్తుందా, పరిమితి ఎంత? సంతానలేమి చికిత్సకు విడిగా ఏమైనా మొత్తం ఉందా? ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. కొన్ని కంపెనీలు ఇప్పుడు ఐవీఎఫ్‌కీ కొంత ఇస్తున్నాయి, ఉద్యోగులు అడగక తెలియడం లేదు.

క్యాష్‌లెస్ కోసం, అంటే బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేలా, ముందుగానే అనుమతికి పంపించండి. స్కాన్ రిపోర్టు, డాక్టర్ సలహా చీటీ, అంచనా కాగితం జత చేయాలి. ఒక్కటి మాత్రం చేయొద్దు. సంతానలేమి అన్న మాటే ఫైల్లో లేకుండా రాయించండి అని కొందరు సలహా ఇస్తారు. మీ పాత ప్రిస్క్రిప్షన్లన్నీ అదే చెబుతుంటే, దాచినట్టు తేలిన రోజు క్లెయిమ్ పోతుంది, బీమా కంపెనీకి మీ మీద నమ్మకమూ పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి. స్కాన్‌లో ఏం కనిపించింది, ఏం తీశారు అన్నది డిశ్చార్జ్ కాగితంలో స్పష్టంగా ఉండాలి, అంతే. అయినా కాదంటే ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు విని పరిష్కరించే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఆ కార్యాలయం మన హైదరాబాద్‌లోనే, లక్డీకాపూల్ పక్కన ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు ఉండదు, లాయరూ అక్కర్లేదు.

55 వేలు అన్న అంకెను అలాగే నమ్మకండి. విడివిడిగా రాసిన కాగితం అడగండి. థియేటర్ ఛార్జీ, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, గది, మందులు, వాడి పారేసే సామాను. ఈ చివరిదే ఎక్కువగా పెరుగుతుంది. పాలిప్‌ను తరిగి పీల్చేసే పరికరం వాడితే దాని బ్లేడు ఒకేసారి వాడేది, ఖరీదైనది. మీ 11 మిల్లీమీటర్ల దానికి అది అవసరమా, మామూలు కత్తెరతో, లూప్‌తో (తీగ ఉచ్చుతో) అయిపోతుందా అని డాక్టర్‌నే అడగండి. తీసిన ముక్కను బయాప్సీకి పంపుతారు. మన దేశంలో గర్భసంచి క్షయ కూడా సంతానలేమికి ఒక కారణం కాబట్టి ఆ పరీక్షలూ రాస్తుంటారు. ల్యాబ్ బిల్లు 55 వేలల్లో ఉందా, వేరుగానా?

అసలు ఇది అవసరమా అని కూడా మొహమాటం లేకుండా అడగొచ్చు. స్కాన్ మామూలుగా ఉన్నవాళ్లకు ఐవీఎఫ్‌కి ముందు అలవాటుగా హిస్టెరోస్కోపీ చేసినంత మాత్రాన కాన్పులు పెరగలేదని 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన రెండు పెద్ద యూరప్ అధ్యయనాలు తేల్చాయి. మీ సంగతి వేరు, మీకు స్కాన్‌లో కారణం కనిపించింది. రేపు మొదటి ఐవీఎఫ్ ఫలించక ఇంకోసారి హిస్టెరోస్కోపీ చేసి చూద్దాం అంటే మాత్రం ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ వడ్డీ లేని అప్పు. 12 వేల ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 14,160 రూపాయలు మొదటి రోజే పోతాయి. మీ చేతికి నిజంగా అందేది 2,85,840, కట్టేది 3 లక్షలు. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఇది ఏడాదికి దాదాపు 9 శాతం వడ్డీతో సమానం. రుణదాత ఇవ్వాల్సిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో (అప్పు ముఖ్య వివరాల పత్రంలో) ఏపీఆర్, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం, అని ఈ అంకె ఉండాలి, అడిగి చూడండి. 9 శాతం అన్యాయమేమీ కాదు. నా అభ్యంతరం వేరే. మీకు మిగిలేది 21 వేలు, వాయిదా 25 వేలు. మొదటి నెల నుంచే చిట్టీ తడబడుతుంది. పైగా ఆ డబ్బు నేరుగా ఆసుపత్రికి వెళ్తుంది. పాలిప్ తీశాక డాక్టర్ ఒక నెలసరి ఆగమన్నా, బయాప్సీలో ఇంకేదైనా తేలి మందులు వాడాల్సి వచ్చినా, మీరే వేరే డాక్టర్ని చూడాలనుకున్నా వాయిదాలు ఆగవు. చికిత్స మొదలవకముందే నాలుగు వాయిదాలు కట్టేసిన దంపతులను చూశాను. ఆసుపత్రి మారడానికి కూడా వాళ్లకు స్వేచ్ఛ లేకపోయింది.

నేనైతే ఇలా చేయమంటాను. క్లెయిమ్ రాదనే అనుకుని లెక్క వేయండి. 55 వేలు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్‌గా, అంటే దాన్ని హామీగా పెట్టి బ్యాంకు ఇచ్చే అప్పుగా తీసుకోండి, ఎఫ్‌డీ విరగ్గొట్టనక్కర్లేదు. వాడుకున్న మొత్తానికే వడ్డీ పడుతుంది. నెలకు 21 వేల చొప్పున మూడు నెలల్లోపే తీరిపోతుంది. బయాప్సీ, కోలుకోవడం, తర్వాతి నెలసరి, వీటికి ఎలాగూ అంత సమయం పడుతుంది. అప్పటికి 3 లక్షలు మళ్లీ నిండుగా ఉంటాయి. అందులో లక్ష రూపాయలు ముట్టకండి, గర్భం నిలిచినా నిలవకపోయినా ఆ లక్ష కావాలి. మిగతా 2 లక్షలు ఐవీఎఫ్‌కి. ఇంజెక్షన్ల 80 వేలకు మరో నాలుగు నెలలు ఆగగలిగితే జీతంలోంచే వస్తాయి. 33 ఏళ్ల వయసులో నాలుగు నెలలు ఆగొచ్చా అన్నది అండాల నిల్వ ఎంత ఉందో చెప్పే మీ ఏఎంహెచ్ రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టర్ చెప్పాలి. ఆగొద్దంటే రెండు మూడు తులాలు బ్యాంకులో కుదువపెట్టండి, మొత్తం ఎనిమిదీ కాదు. చిట్టీని ఇప్పుడే పాడుకోవద్దు, ఈ నెలల్లో పాటలో పోయేది ఎక్కువ. ఒకవేళ రెండోసారి ఐవీఎఫ్‌కి వెళ్లాల్సి వస్తే అప్పటికి ఆ చిట్టీయే మీకు అండ.

ఐవీఎఫ్ డబ్బు కూడా దశలవారీగానే కట్టండి. ఆ 2 లక్షల్లో ఇక్సీ, పిండాల ఫ్రీజింగ్, తర్వాత వాటిని గర్భసంచిలో పెట్టడం కలిసి ఉన్నాయా, మధ్యలో ఆపితే ఎంత తిరిగిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. ఆ సెంటర్‌కు ఐవీఎఫ్ కేంద్రాలను నియంత్రించే 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి, నంబరు గోడ మీద కనబడాలి. గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ఉంది, డబ్బు కట్టేముందు ఒక పూట వెళ్లి కనుక్కుని రండి.

ఇంకొక్క మాట. మీ ఉత్తరంలో మీవారి పరీక్షల ప్రస్తావన లేదు. వీర్య పరీక్షకు అయ్యేది కొద్ది డబ్బే, దాని ఫలితాన్ని బట్టి ప్యాకేజీయే మారిపోవచ్చు. అది అయ్యిందా? కాకపోతే మీరు థియేటర్‌కి వెళ్లే లోపే ఆయన ఇచ్చి రావాలి.