విజువల్ కంప్యూటింగ్‌లో మాస్టర్స్: బ్లెండర్ వస్తే సరిపోతుందా?

రెండేళ్లుగా త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో మోడల్స్ చేస్తున్నానని, డిగ్రీ అవగానే విజువల్ కంప్యూటింగ్‌లో మాస్టర్స్ చేయాలనుందని, కానీ లెక్కలంటే టెన్షన్ అని రాశావు. ఇంట్లోవాళ్లేమో ఏఐ తీసుకోమంటున్నారన్నావు.

ముందు సూటిగా ఒక మాట. ఈ కోర్సులో బ్లెండర్ వాడటం నేర్పరు, అలాంటి సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో నేర్పుతారు. బొమ్మ అందంగా రావడమే నీకు ముఖ్యమైతే యానిమేషన్ కోర్సులు వేరే ఉన్నాయి, అవేం తక్కువ కాదు. ఇక్కడ మాత్రం లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, ప్రాబబిలిటీతో రోజూ పని పడుతుంది, సీ ప్లస్ ప్లస్ కూడా బాగా రావాలి.

ఇక ఏఐ సంగతి. త్రీడీ వివరాలిస్తే బొమ్మ గీసేది గ్రాఫిక్స్, బొమ్మ చూసి వివరాలు రాబట్టేది కంప్యూటర్ విజన్. విజువల్ కంప్యూటింగ్‌లో ఈ రెండూ ఉంటాయి. 2020లో నెర్ఫ్ అనే పద్ధతి వచ్చింది, కొన్ని మామూలు ఫొటోలిస్తే ఆ దృశ్యాన్ని కొత్త కోణాల నుంచి కూడా చూపిస్తుంది. 2023లో త్రీడీ గాసియన్ స్ప్లాటింగ్ అనే ఇంకో పద్ధతి వచ్చి అదే పనిని చాలా వేగంగా చేసింది. ఈ రెండు పద్ధతుల్లోనూ రెండరింగ్ (వివరాల నుంచి బొమ్మ గీయడం) ఉంది, మెషిన్ లెర్నింగ్‌లో వాడే గ్రేడియంట్ డిసెంట్ (తప్పును కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోయే లెక్క) కూడా ఉంది. కాబట్టి ఇది తీసుకుంటే ఏఐ పోతుందన్న భయం అక్కర్లేదు. ఉద్యోగాలూ గేములతోనే ఆగవు: సీటీ స్కాన్ ముక్కల్ని త్రీడీ ఆకారంగా మార్చే మార్చింగ్ క్యూబ్స్ పద్ధతి 1987 నాటిది, మెడికల్ ఇమేజింగ్‌లో అప్పటినుంచీ ఈ చదువుకి చోటుంది.

అప్లికేషన్ పెట్టేముందు ఒక పని చెయ్యి. రెడీమేడ్ కోడ్ లైబ్రరీలేవీ లేకుండా చిన్న రే ట్రేసర్ రాయి, అంటే కాంతి కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీసే ప్రోగ్రామ్. ఒక గోళం, ఒక లైటు, ఒక నేల చాలు. కిరణం గోళానికి తగిలిందా లేదా అన్నది స్కూల్లో చదివిన వర్గ సమీకరణమే చెప్తుంది, డిస్క్రిమినెంట్ రుణాత్మకమైతే తగల్లేదన్నట్టు. నీడలు కలపగానే బొమ్మంతా నల్లటి చుక్కలు వస్తాయి చూడు, దాదాపు అందరికీ వస్తాయి. దశాంశాల్లో వచ్చే చిన్న తేడా వల్ల నీడ కోసం వదిలిన కిరణం బయల్దేరిన ఉపరితలానికే మళ్లీ తగులుతుంది, కిరణాన్ని వెంట్రుకవాసి పైనుంచి మొదలుపెడితే చుక్కలు పోతాయి. ఆ కారణం వెతుక్కుంటూ టైం మర్చిపోయావా, నీ లెక్కల టెన్షన్ గురించి నాకేం దిగుల్లేదు. విసుగొచ్చి బ్లెండర్ తెరిచేశావా, అదీ మంచి సమాధానమే, రెండేళ్ల ఫీజు కట్టకముందే తెలిసింది.

సీటు వచ్చాక కోర్సు పేరు కన్నా సిలబస్ చూడు, థీసిస్ ఎవరి దగ్గర చేయొచ్చో చూడు. ఆ ప్రొఫెసర్ల పరిశోధన పేపర్లు గ్రాఫిక్స్‌లో పెద్ద కాన్ఫరెన్స్ సిగ్‌గ్రాఫ్‌లోనో, కంప్యూటర్ విజన్‌లో పెద్ద కాన్ఫరెన్స్ సీవీపీఆర్‌లోనో ఉన్నాయా వెతుకు. ఇంట్లోవాళ్లకి ఆ సిలబస్‌లోని మెషిన్ లెర్నింగ్ సబ్జెక్టులు చూపించి మాట్లాడు.