గాట్స్‌బీలో ఎవరి తెలుపు?

ఫిట్జ్‌జెరాల్డ్ నవల ‘ద గ్రేట్ గాట్స్‌బీ’లో రంగుల గురించి పరీక్షలో గ్రీన్ లైట్ అంటే ఆశ, తెలుపంటే స్వచ్ఛత, పసుపంటే డబ్బు అని రాస్తే సరిపోతుందా, ఈ రంగులకీ క్లాస్‌కీ, అంటే డబ్బూ హోదాల తేడాకీ, సంబంధం ఏంటి అని అడిగారు. సరిపోదండీ. ఎమ్మే మొదటి ఏడాదిలో నేనూ గైడ్ చూసి అచ్చం ఇలాగే రాశాను. పదికి నాలుగు వచ్చాయి, పేపర్ పక్కన మా మేడమ్ పెన్సిల్‌తో "ఎవరి తెలుపు?" అని రాసిచ్చారు. ఆ రెండు మాటల కోసం ‘ద గ్రేట్ గాట్స్‌బీ’ మొదటి నుంచి మళ్ళీ చదివాను, కనబడిన ప్రతి రంగు కిందా గీత గీసుకుంటూ.

మొదటి చాప్టర్‌లో డబ్బున్నింటి డెయిజీ, ఆమె స్నేహితురాలు జోర్డన్ తెల్ల గౌన్లు వేసుకుని సోఫా మీద ఉంటారు, కిటికీల్లోంచి వచ్చే గాలికి ఆ గౌన్లు ఎగురుతుంటాయి. తర్వాతి చాప్టర్‌లోనే బూడిద లోయ వస్తుంది. (అది ఊహ మాత్రమే కాదు, న్యూయార్క్ క్వీన్స్‌లో బ్రూక్లిన్ బొగ్గు పొయ్యిల బూడిద తెచ్చి పోసిన దిబ్బలు 1925లో ఈ నవల వచ్చేనాటికి నిజంగానే ఉండేవి.) అక్కడ గ్యారేజీ నడుపుకునే విల్సన్ సూటు మీద, జుట్టు మీద పరుచుకున్న దుమ్ము కూడా తెల్లదే అంటాడు ఫిట్జ్‌జెరాల్డ్. చూశారా, డెయిజీకి తెలుపు ఒంటి మీద బట్ట, విల్సన్‌కి దులిపినా పోని దుమ్ము! అదే వాక్యంలో ఇంకో మాట ఉంది, ఆ దుమ్ము అక్కడ అన్నిటినీ కప్పేసింది, ఒక్క అతని భార్య మర్టిల్‌ని తప్ప, ఆమె ఆ క్షణంలో తన ప్రియుడు టామ్ దగ్గరికి జరుగుతోంది, అతను డెయిజీ భర్త. నా దృష్టిలో నవల మొత్తంలో రంగుకీ క్లాస్‌కీ ముడి పడేది ఇక్కడే, గ్రీన్ లైట్ దగ్గర కాదు.

గ్రీన్ లైట్ గురించి ఒక్క మాట చాలు. అది డెయిజీ వాళ్ళ రేవు చివర వెలిగే దీపం, ఈస్ట్ ఎగ్‌లో, అంటే తరతరాల డబ్బున్న వాళ్ళ ఒడ్డున. ఆమెని ప్రేమించే, కొత్తగా సంపాదించిన గాట్స్‌బీ నీళ్ళకి ఇవతల నిలబడి దాన్ని చూడాలి. ఇక అతని గులాబీ రంగు సూటు. ఇతను ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడట అనగానే టామ్ నమ్మడు, పింక్ సూటు వేసేవాడు ఆక్స్‌ఫర్డ్ మనిషేంటి అని కొట్టిపారేస్తాడు. ఎంత డబ్బున్నా ఏ రంగు వేసుకోకూడదో గాట్స్‌బీకి చెప్పినవాళ్ళు లేరు, అది చదువుతుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

పరీక్షలో అన్ని రంగులూ ముట్టుకోవద్దు. రెండు తెలుపులూ పక్కపక్కన పెట్టి రాయండి. ఆఖర్లో మర్టిల్‌ని గుద్దిన కారు నడిపింది డెయిజీయే అయినా నింద గాట్స్‌బీ మీదికే పోయిందని కలపండి. టైమ్ మిగిలితే మర్టిల్ టాక్సీ ఎక్కే సీన్ కూడా తీసుకోండి. న్యూయార్క్‌లో రైలు దిగాక నాలుగు టాక్సీలు వదిలేసి, లావెండర్ రంగు కొత్త టాక్సీ వచ్చాకే ఎక్కుతుంది. దాని లోపలి సీట్లు మాత్రం బూడిద రంగువి. రెండోసారి చదివినప్పుడు ఆ మాట కింద గీత గీసి, పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.