లావణ్యా, ఇంట్లో ఎన్నింటికి బయల్దేరతామన్నది కాదు, బార్డర్‌కి ఎన్నింటికి చేరతామన్నది చూస్కో

తల్లీ లావణ్యా,

మే చివర మీ మెమోరియల్ డే సెలవు వీకెండ్‌కి అమ్మా నాన్నల్ని తీసుకుని కెనడాలో మా సర్రే వస్తున్నామని చెప్పిన దగ్గర్నుంచి మీ పెద్దమ్మ గోంగూర ఎక్కడ దొరుకుద్దా అని ఊరంతా ఫోన్లు చేస్తోంది. కానీ శనివారం తీరిగ్గా టిఫిన్ చేసి తొమ్మిదింటికి సియాటిల్ పక్కన మీ బాతెల్‌లో బయల్దేరి, సోమవారం భోంచేసి మధ్యాహ్నం రిటర్న్ అవుతాం అన్నావు చూడు, ఆ ముక్క దగ్గర నాకు గుండె గుభేలుమంది. ఇరవై ఏళ్ళ పైనుంచి బ్లెయిన్ దగ్గర ఈ అమెరికా-కెనడా బార్డర్ దాటుతున్నా కదా, ఆ రెండు టైములూ ఎలా ఉంటాయో నాకు తెలుసు. దయచేసి ప్లాన్ మార్చు తల్లీ.

మా వాడికి నాలుగేళ్ళప్పుడు ఒకసారి లేబర్ డే సోమవారం సాయంత్రం సియాటిల్ నుంచి వెనక్కొస్తూ లైన్లో ఇరుక్కున్నాం, దగ్గర దగ్గర మూడు గంటలు. ముందుకి పోలేం వెనక్కి తిరగలేం, వాడు బాత్రూం అని ఏడుపు, కార్లో నీళ్ళు కూడా అయిపోయాయి, మీ పెద్దమ్మ ఆ రోజు పడ్డ బాధ నేనింకా మర్చిపోలేదు. మీ నాన్నకి షుగర్, గంటకోసారి దిగాల్సిన మనిషి, అది గుర్తుపెట్టుకుని చదువు ఇదంతా.

అసలు రద్దీ ఎందుకొస్తుందో అర్థమైతే టైం నువ్వే లెక్కేసుకోవచ్చు. లాంగ్ వీకెండ్‌లో అమెరికా వాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా ఇటు ఎగబడతారు, ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం రాత్రి దాకా అటు పోతారు. అదే టైంలో కెనడా వాళ్ళు వాళ్ళ షాపింగుకీ పెట్రోలుకీ శనివారం పొద్దున అటు పోయి ఆదివారం సాయంత్రం ఇటు వస్తారు, 2025 నుంచి వాళ్ళు అటు వెళ్ళడం బాగా తగ్గిందిలే గానీ పండగ రోజుల్లో అది నమ్ముకుని బయల్దేరకూడదు. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర చూశావు కదా, అలాగే, కాకపోతే ఇక్కడ ప్రతి కారునీ ఆపి మాట్లాడతారు.

అందుకే నేను మీ ఆఫీసు క్యాలెండర్ ఒక్కటే కాదు, రెండు దేశాల సెలవులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తా. మా కెనడా విక్టోరియా డే సెలవు ఎప్పుడూ మీ మెమోరియల్ డేకి సరిగ్గా వారం ముందు సోమవారమే వస్తుంది, కాబట్టి అది మా వాళ్ళ రద్దీ, ఇది మీ వాళ్ళ రద్దీ. జులైలో 1న మాకు, 4న మీకు, ఆ వారమంతా రెండు వైపులా కిటకిటే. సెప్టెంబర్ మొదటి సోమవారం రెండు దేశాలకీ సెలవే, అందుకే మేం ఆ రోజు అలా ఇరుక్కున్నాం, అప్పుడు క్యాలెండర్ చూసే బుద్ధి నాకింకా రాలేదు. నన్నడిగితే జూన్‌లో మామూలు వీకెండ్ అయితే ఇంకా హాయి, కానీ అల్లుడికి సెలవు ఇప్పుడే అన్నావు కాబట్టి ఇలా చెయ్యండి.

సోమవారం ఎలాగూ సెలవే కదా, ఇంకొక్క శుక్రవారం లీవు పెట్టండి. శుక్రవారం పొద్దున 8కి బయల్దేరితే ఆ టైంకి ఆఫీసు ట్రాఫిక్ అంతా సియాటిల్ వైపు పోతుంటుంది, మీరు ఎదురు దిక్కు కాబట్టి 10 ప్రాంతానికి బార్డర్‌లో ఉంటారు. మధ్యాహ్నం రెండు దాటితే మాత్రం ఎవరెట్, మేరీస్‌విల్ దగ్గరే గంట తినేస్తుంది. మీ నాన్న రాహుకాలం చూడందే కదలడని తెలుసు, శుక్రవారం 10:30 నుంచి 12 కదా, ఈలోపు దాటేస్తారని చెప్పు. నిజానికి శనివారం రాహుకాలం 9 నుంచి 10:30, ఆదివారం 4:30 నుంచి 6, ఈ బార్డర్‌కి కూడా అవి చెడ్డ టైములే, నేనూ వాటిని పాటిస్తా. తిరిగెళ్ళేప్పుడు సోమవారం తెల్లారి 6కల్లా మా ఇంట్లోంచి కదిలితే ఆరున్నరకి లైన్లో ఉంటారు, 7:30కి రాహుకాలం వచ్చేలోపు అటు దాటేస్తారు. మధ్యాహ్నం భోజనం పెట్టి పంపిస్తానని పెద్దమ్మ పట్టుబడుతుంది, వినకు, పులిహోర కట్టించుకుని వెళ్ళు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారే, లాంగ్ వీకెండ్ సోమవారం మధ్యాహ్నం నాకు కనుమ లాంటిదే.

ఇక ఏ గేటు అన్నది. ఐ-5 హైవే తిన్నగా పోయి ఆగేది పీస్ ఆర్చ్ దగ్గర. 275 ఎగ్జిట్ తీసుకుంటే పసిఫిక్ హైవే, ట్రక్కులు పోయేది, కానీ కార్లకి వేరే లైన్లుంటాయి, రెండూ 24 గంటలూ తెరిచుంటాయి. ఇంకా తూర్పున లిండెన్-ఆల్డర్‌గ్రోవ్ ఉంది గానీ అది అర్ధరాత్రికి మూసేస్తారు, ఆ పైన సూమాస్-ఆబట్స్‌ఫర్డ్. రోడ్డు మీద బోర్డుల్లో ఏ గేటు దగ్గర ఎన్ని నిమిషాలో వేస్తారు, ఇంటి దగ్గర్నుంచే వాషింగ్టన్ రోడ్ల శాఖ సైట్లో కూడా చూడొచ్చు, అల్లుడు డ్రైవ్ చేస్తుంటే నువ్వు బెల్లింగ్‌హామ్‌లో ఒకసారి, 275కి ముందు ఇంకోసారి చూడు. లిండెన్‌కి మళ్ళాలంటే బెల్లింగ్‌హామ్‌లోనే తేల్చుకోవాలి, చుట్టు తిరగడానికి పట్టే టైం కన్నా లైన్లో తేడా బాగా ఎక్కువుంటేనే మళ్ళండి, పది నిమిషాల కోసం ఊళ్ళు తిరగొద్దు. ఒక్కసారి లైన్లోకి దిగాక ఇక మార్చొద్దు, నేను మార్చి మార్చి నష్టపోయినవాణ్ణే.

లైన్లోకి వెళ్ళే ముందు కస్టర్ రెస్ట్ ఏరియాలో తప్పకుండా ఆగండి, నాన్నకి అవసరం లేదన్నా దింపు.

కాగితాల వల్ల పోయే టైం కూడా లెక్కలో వేసుకో. మీ నలుగురికీ కెనడా వీసాలు పాస్‌పోర్టుల్లో ఉన్నాయిగా, బాబుది అమెరికా పాస్‌పోర్టు మర్చిపోకు. నీ హెచ్1బి ఉద్యోగ వీసా స్టాంప్ గడువు అయిపోయిందన్నావు, 30 రోజుల్లోపు కెనడా వరకే వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళకి ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉంటే పాత స్టాంపుతో రానిచ్చే రూల్ ఉంది, ఐ-94 ప్రింట్, హెచ్1బి ఓకే అయినట్టు వచ్చిన 797 కాగితం చేతిలో పెట్టుకో, పనిలో పని వాంకోవర్‌లో స్టాంపింగ్ కూడా చేయించుకుందాం అని మాత్రం అనుకోకు, అప్లై చేస్తే ఈ సౌకర్యం పోతుంది. అందుకే నీ విషయంలో లోపలికి పిలిచి చూసే అవకాశం ఉంది, తిరిగెళ్ళేప్పుడు ఇంకో గంట చేతిలో ఉంచుకోండి. ముందే తనిఖీ అయి కార్డు తీసుకున్నవాళ్ళకి పెట్టిన నెక్సస్ లైన్ ఖాళీగా కనపడిందని దూరొద్దు, కార్లో పిల్లాడితో సహా అందరికీ ఆ కార్డు ఉండాలి.

వెళ్ళేప్పుడు పెద్దమ్మ మన పెరటి మొక్కది కరివేపాకు కోసి ఇస్తుంది, వద్దను. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు, నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీద ఉంటుందని. పచ్చళ్ళు, పొడులు అన్నీ అడగ్గానే చెప్పేయండి, దాచారంటే సోమవారం పొద్దున కష్టపడి మిగుల్చుకున్న టైం అంతా అక్కడే పోతుంది.

పీస్ ఆర్చ్ లైన్లో ఉన్నప్పుడు ఆ తెల్ల ఆర్చ్ నాన్నకి చూపించు, 1921లో కట్టారు, 67 అడుగులు. ఈ తలుపులు ఎన్నడూ మూసుకోకూడదు అని లోపల రాసుంటుంది. 2020 మార్చిలో సరిహద్దు ఆపేసినప్పుడు అమెరికా వైపు రెడ్‌మండ్‌లో ఉన్న మా అమ్మాయిని నేనూ పెద్దమ్మా ఆ ఆర్చ్ చుట్టూ ఉన్న పార్కులోనే కలిశాం, గడ్డి మీద దుప్పటి పరుచుకుని దాని పుట్టినరోజు చేశాం, చీకటి పడ్డాక అది అటు, మేం ఇటు. ఇప్పుడు లైన్లో అరగంట ఆగాల్సొస్తే నాకు కోపం రాదు.

ఫెర్న్‌డేల్ దాటగానే పెద్దమ్మకి ఫోన్ చెయ్యి, పప్పు పొయ్యి మీద పెడుతుంది.

మీ పెదనాన్న