వృద్ధాశ్రమం బాధ్యత తీసుకున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వృద్ధాశ్రమం నిర్వహణ నీ చేతికి వచ్చిందని, ముందుగా ఏమి మార్చాలో చెప్పమని అడిగావు. కొత్త మంచాలకూ టీవీకీ దాతలను వెతకడం తరువాతి సంగతి. ముందు అక్కడి దినచర్య ఎవరి వీలు కోసం ఏర్పడిందో గమనించు. తెల్లవారుజామున నాలుగింటికే అందరినీ లేపి స్నానాలు చేయించడం, సాయంత్రం ఆరింటికే రాత్రి భోజనం ముగించడం డ్యూటీ మారే సిబ్బందికి అనుకూలమే గాని, పెద్దలకు కాదు. పైగా షుగరుకు మందులు వాడేవారు మరునాటి ఉదయం దాకా ఖాళీ కడుపుతో ఉండడం ప్రమాదం.

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒక వృద్ధుల నివాసంలో చేసిన పరిశీలన 1976లో వెలువడింది. ఒక అంతస్తువారికి గది సర్దుకోవడం, సినిమా చూసే రోజు ఎంచుకోవడం, తమకు నచ్చిన మొక్కను తామే పెంచుకోవడం అప్పగించారు. మరొక అంతస్తువారికి మొక్క ఇచ్చినా, నీళ్లు పోయడం మొదలు అన్నీ సిబ్బందే చూసుకున్నారు. కొన్ని వారాలకే మొదటివారు ఎక్కువ ఉత్సాహంగా, చురుకుగా కనిపించారు. మన ఆశ్రమాల్లో ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. కాఫీయా టీయా, స్నానం ఉదయమా సాయంత్రమా, ఈ వారం ఏ పచ్చడి నూరాలి అన్నవి వారినే అడుగు. ఓపిక ఉండి, ఇష్టపడేవారికి బియ్యం ఏరడం, పూలు కట్టడం, ఒత్తులు చేయడం వంటి పనులు ఇవ్వు. దానిని చాకిరీగా మాత్రం మార్చకు.

పుట్టినరోజులకు భోజనం పెట్టే దాతల విషయంలో కొంచెం గట్టిగా ఉండు. కేకు కోసేదాకా, ఫోటోలు తీసేదాకా ఆకలితో ఉన్నవారిని విస్తళ్ల ముందు వరుసగా కూర్చోబెట్టడం నాకు ఏనాడూ నచ్చలేదు. భోజనం వేళకే వడ్డించాలనీ, అడగకుండా ఫోటో తీయరాదనీ, వీలైతే వారి పక్కనే కూర్చుని తినమనీ ముందే చెప్పు. నొచ్చుకుని వెళ్లిపోయేవారు ఉంటారు, వెళ్లనీ.

వయసు పైబడిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దానికి తోడు, చీకట్లో మరుగుదొడ్డికి వెళ్లడానికి భయపడి చాలామంది సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. నీళ్లు తాగమని పదేపదే చెప్పడం కన్నా, దారిలో రాత్రంతా వెలిగే దీపం, గోడకు పట్టుకునే కడ్డీ, జారని నేల ఏర్పాటు చేయడం మేలు. డాక్టరు నీటికి పరిమితి పెట్టనివారికి ఎండాకాలంలో పలుచని మజ్జిగ తరచుగా అందించు. మంచాన పడ్డవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఈ పని రాత్రి ఒక్క ఆయా వల్ల కాదు, రెండో మనిషి జీతానికి మొదట డబ్బు చూడు.

వృద్ధుల సహాయవాణి 14567 నంబరును పెద్ద అక్షరాలతో హాల్లో రాయించు. నీ మీద ఫిర్యాదు చేయడానికైనా సరే, వారు అడిగినప్పుడు ఫోను అందుబాటులో ఉంచు.

ఇట్లు,
మీ అత్తయ్య