బ్రేకు బోల్టును ఎంత బిగించాలి?

ప్రశ్న: రోజూ హనుమకొండ నుంచి కరీంనగర్‌కు కారులో వెళ్లి వస్తాను. ముందు చక్రాలకు బ్రేక్ ప్యాడ్లు మార్పించిన కొద్ది రోజులకే, గుంతల్లో దిగినప్పుడల్లా ఎడమవైపు టకటకమని శబ్దం రావడం మొదలైంది. మరో మెకానిక్ చూసి, క్యాలిపర్ (చక్రంతో పాటు తిరిగే డిస్కుకు బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) బోల్టు ఒకటి చేతితోనే తిరుగుతోందని చూపించి, పానాతో బలమంతా పెట్టి బిగించారు. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఉండకూడదు. శబ్దాన్ని పట్టించుకుని మీరు చాలా మంచి పని చేశారు. ఆ బోల్టు పూర్తిగా ఊడిపోతే క్యాలిపర్ పక్కకు తిరిగి చక్రానికి తగలవచ్చు, బ్రేకు హోసు తెగవచ్చు. అయితే వదులైన బోల్టుకు బలమంతా పెట్టి బిగించడం విరుగుడు కాదు.

బిగించినప్పుడు బోల్టు కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ ముడుచుకోవాలని చూసే బలమే రెండు భాగాలనూ అదిమి పట్టి ఉంచుతుంది. ఆ బలం చాలకపోతే కుదుపులకు భాగాలు కదిలి, బోల్టు తనంతట తానే మర విప్పుకుంటుంది. హద్దు దాటితే ఉక్కు శాశ్వతంగా సాగిపోయి పట్టు కోల్పోతుంది, లేదా మరలు తెగిపోతాయి. మనం పెట్టే టార్క్‌లో, అంటే తిప్పే బలంలో, అధిక భాగం ఒరిపిడికే ఖర్చై, సుమారు పదో వంతు మాత్రమే పట్టుగా మారుతుంది కాబట్టి, మరలకు నూనె రాస్తే అదే టార్క్‌కు బోల్టు మరీ ఎక్కువగా సాగుతుంది. కంపెనీ చెప్పనిదే నూనె రాయనివ్వకండి.

చాలా చిన్న కార్లలో క్యాలిపర్ జారే పిన్నుకు బిగించే బోల్టుకు 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల (టార్క్‌ను కొలిచే ప్రమాణం) టార్క్ చాలు. 30 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోల బరువు వేలాడదీస్తే దాదాపు 30 న్యూటన్ మీటర్లు వస్తుంది. బలమున్న మనిషి ఊపుగా లాగితే దానికి మూడింతలు సులువుగా దాటుతుంది. క్యాలిపర్‌ను మోసే బ్రాకెట్ బోల్టులకు మాత్రం ఇంతకంటే చాలా ఎక్కువ టార్క్ కావాలి. అందుకే చేతి అంచనాను నమ్మకుండా, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని అంకె చూసి టార్క్ రెంచ్‌తోనే (పెట్టిన అంకెకు చేరగానే క్లిక్‌మనే పానా) బిగించమనండి. క్లిక్‌మన్న వెంటనే ఆపాలి, ఇంకొంచెం అని లాగకూడదు.

వీల్ నట్లదీ ఇదే సంగతి. ఎయిర్ గన్‌తో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే డిస్కు సమంగా కూర్చోక, కొన్నాళ్లకు బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. ఎదురెదురు నట్లను విడతలుగా బిగించి, చివర టార్క్ రెంచ్ వాడాలి. చక్రం విప్పి బిగించిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లకు మరోసారి సరిచూడాలి.

మీ కారులో ఆ బోల్టు వదులుగా తిరిగింది, ఆపై అతిగా బిగిసింది. దాన్ని మళ్లీ వాడకుండా కొత్తది వేయించండి. అది ఎక్కే మరలను, జారే పిన్నును, కుడివైపు బోల్టులను కూడా పరీక్షించమనండి. ఈ పని పూర్తయ్యే వరకు కరీంనగర్‌కు బస్సులోనే వెళ్లండి.