డాక్టర్ సలహా: సబ్బు సంగతి తర్వాత.. ముందు ఆ ట్యూబ్‌లో ఏముంది?

ప్రశ్న: మా బాబుకు నాలుగు నెలలు. బుగ్గల మీద, మోచేతుల దగ్గర చర్మం ఎర్రబడి గరుకుగా ఉంటోంది. రోజూ సబ్బుతో స్నానం చేయిస్తాం, నీళ్లలో రెండు మూతల యాంటీసెప్టిక్ లిక్విడ్ కలుపుతాం. మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ నెల రోజులుగా ఉదయం, రాత్రి రాస్తున్నాం. రాస్తే తగ్గుతుంది, మానితే మళ్లీ వస్తోంది. రెండు బేబీ వాష్‌లు మార్చాం. ఏది వాడితే మంచిది?

జవాబు: ఏది వాడాలో చెబుతాను. కానీ నన్ను కంగారు పెట్టింది ఆ క్రీమ్. దాని పేరే రాయలేదు మీరు! రాస్తే తగ్గి, మానితే తిరగబెడుతోందంటే అందులో స్టెరాయిడ్ (చర్మం మీది ఎర్రదనాన్ని, వాపును అణిచే మందు) ఉందేమోనని నా అనుమానం. ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ లాంటి పేర్లున్నాయేమో చూడండి. యాంటీబయాటిక్, ఫంగస్ మందు, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీములూ ఉంటాయి.

చంటిబిడ్డ చర్మం పలచన. బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. అందుకే పైన రాసిన మందు పెద్దవాళ్లలో కంటే ఎక్కువగా రక్తంలోకి వెళ్తుంది. మడతల్లో, డైపర్ కింద మరీనూ. నెలల తరబడి వాడితే చర్మం ఇంకా పలచబడి సన్నని ఎర్రగీతలు తేలతాయి, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి పని మందగించొచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బితే బిడ్డ ఒళ్లు చేశాడని ఇంట్లో మురిసిపోతారు, పొడవు పెరగడం లేదన్నది ఎవరి కంటా పడదు. మీ బాబుకు ఇదంతా జరిగిందని కాదు. చూడకుండా ఎవరూ చెప్పలేరు. స్టెరాయిడ్ అంటే విషమనీ కాదు. ఎగ్జిమాకు (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) హైడ్రోకార్టిసోన్ లాంటి తక్కువ ఘాటువి మేమే రాస్తాం, ఎక్కడ, ఎన్నాళ్లు అనే లెక్కతో.

నెలరోజులు వాడారు కాబట్టి మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి, డాక్టరుకు చూపించకుండా ఇలాగే కొనసాగించనూ వద్దు. రేపే పిల్లల డాక్టరుకు గానీ చర్మ డాక్టరుకు గానీ చూపించండి. బాబు నీరసంగా పడి ఉంటున్నా, పాలు తాగకపోయినా, వాంతులవుతున్నా, 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరమున్నా, ఎర్రబడిన చోట పసుపురంగు పక్కు కట్టినా, నీటి బుడగలు లేచినా రేపటిదాకా ఆగొద్దు.

యాంటీసెప్టిక్ ఈ రోజు నుంచే బంద్. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ స్నానానికి అది అక్కర్లేదు, గరుకు చర్మాన్ని ఇంకా మండిస్తుంది.

ఇక సబ్బు. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 9-10 దాకా ఉంటుంది, చర్మానిది 5.5కి అటూఇటూ. సబ్బు పడ్డప్పుడల్లా తేమను పట్టి ఉంచే కొవ్వు పొర కొట్టుకుపోతుంది. సోడియం పామేట్, సోడియం టాలోవేట్ అని లేబుల్ మీద మొదట్లోనే ఉంటే అది సబ్బే, పైన బేబీ బొమ్మ ఉన్నా సరే. సబ్బు కాని క్లెన్సర్, అంటే సిండెట్ తీసుకోండి. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని ఉండాలి. ‘అన్‌సెంటెడ్’ అంటే అదే కాదు, వాసన తెలియకుండా చేసే సుగంధాలు అందులో ఉండొచ్చు. సోడియం లారిల్ సల్ఫేట్ (నురగ తెప్పించేది), మిథైల్ ఐసోథయాజోలినోన్ (పాడవకుండా కలిపేది) ఉన్నవి వద్దు. ‘టియర్ ఫ్రీ’ అంటే కళ్లు మండవని మాత్రమే, చర్మం సంగతి దాంట్లో లేదు. ఇప్పటికే రెండు మార్చారు. ఒకటి ఎంచుకుని రెండు మూడు వారాలైనా చూడండి, మంట పెడితే తప్ప.

వారానికి రెండు మూడు స్నానాలు చాలు, మిగతా రోజుల్లో ముఖం, మెడ, డైపర్ చోటు తడిగుడ్డతో తుడవండి. ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలపండి, 37 డిగ్రీల దగ్గర, మోచేతికి గోరువెచ్చగా తగలాలి. ఐదు నుంచి పది నిమిషాలు. క్లెన్సర్ చిన్న చెంచాడు, అదీ చివర్లో మెడ మడతలకు, చంకలకు, తొడ సందులకు రాసి కడిగేయాలి. రుద్దకుండా టవల్ అద్ది, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ మందంగా పట్టించండి. లోషన్ కంటే చిక్కటి ఆయింట్‌మెంట్ మేలు. పౌడర్ అస్సలొద్దు.

డాక్టరు దగ్గరికి ట్యూబ్‌తో పాటు ఆ రెండు బేబీ వాష్ సీసాలూ పట్టుకెళ్లండి. తెల్ల ట్యూబు, ఎర్ర మూత అంటే ఏ డాక్టరూ గుర్తుపట్టలేరు.